గేరు మార్చే ఘడియ
మామూలు కారుకూ హుషారు వస్తుంది, అదను చూసి గేరు మారిస్తే

ఛత్తీస్‌గఢ్ తన కొత్త రాజధానికి ముందు రోడ్లు వేసింది. జనం ఆ తర్వాత నింపాదిగా వస్తున్నారు. 2012లో సచివాలయం తరలివచ్చి, 2018లో అటల్ నగర్‌గా పేరు మారిన నయా రాయపూర్‌లో ఆరు లైన్ల రహదారులు సెలవు రోజున ఖాళీగా కనిపిస్తాయి. స్టీరింగ్ పట్టినవారి కుడికాలు ఊరుకోదు. కానీ చాలామంది తొందరపడేది యాక్సిలరేటర్‌తో. కారు స్పందించేది మాత్రం గేరుకు.

డ్రైవింగ్ స్కూళ్లు నేర్పేది ఒకటే సూత్రం: వీలైనంత త్వరగా పై గేర్‌లో పడాలి. డాష్‌బోర్డు మీద వెలిగే బాణం గుర్తు చెప్పేదీ అదే. మైలేజీకి అది సరైన సలహా. చిక్కల్లా ముందున్న లారీని దాటాల్సి వచ్చినప్పుడే. నాలుగో గేర్‌లో 40 కి.మీ. వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్ మూలుగుతుంది తప్ప కారు కదలదు.

కారణం టార్క్. 2018లో వచ్చిన మారుతీ స్విఫ్ట్‌నే తీసుకుంటే, దాని 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్ గరిష్ఠ టార్క్ 113 న్యూటన్ మీటర్లు. అది అందేది 4,200 ఆర్‌పీఎం వద్ద. గరిష్ఠ శక్తి 83 పీఎస్, 6,000 వద్ద. ఇలాంటి కార్లలో రెండు నుంచి మూడో గేర్‌కు మారితే ఇంజన్ వేగం దాదాపు మూడో వంతు పడిపోతుంది. 3,000 వద్ద మారిస్తే ముల్లు 2,000కు దిగుతుంది. అక్కడ ఇంజన్‌లో పస ఉండదు. 6,000 వద్ద మారిస్తే 4,000 దగ్గర ఆగుతుంది. అంటే సరిగ్గా బలమున్న చోట.

అదే స్విఫ్ట్ డీజిల్‌ది (2020లో మారుతీ డీజిల్ కార్లు మానేసింది) వేరే లెక్క. 190 న్యూటన్ మీటర్ల టార్క్ 2,000 ఆర్‌పీఎంకే వచ్చేస్తుంది, శక్తి 4,000 వద్ద శిఖరానికి చేరుతుంది. కాబట్టి 3,500 దాటాక లాగడం వల్ల శబ్దమే ఎక్కువ. అక్కడ మారిస్తే తర్వాతి గేరు 2,300 పైన అందుకుంటుంది. చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి.

గేరు తగ్గించడంలోనే అసలు నేర్పు ఉంది. మలుపులోకి వెళ్లాక కాదు, ముందే బ్రేకు వేసి గేరు దించాలి. క్లచ్ తొక్కి ఉండగా యాక్సిలరేటర్‌ను ఒకసారి తట్టి వదిలితే కుదుపు ఉండదు. ఒక హెచ్చరిక: పైకి వెళ్లేటప్పుడు ఇంజన్ హద్దు దాటకుండా ఎలక్ట్రానిక్స్ ఆపుతాయి. కానీ పొరపాటున మరీ కింది గేరు వేస్తే చక్రాలే ఇంజన్‌ను హద్దు దాటిస్తాయి. దాన్ని ఏ ఎలక్ట్రానిక్స్ కూడా ఆపలేవు.

ఇదంతా సరదా కోసమే కాదు. రాయపూర్ నుంచి దక్షిణంగా జగదల్‌పూర్, కొంట మీదుగా భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి మీద ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. రెండు లైన్ల రోడ్డులో లారీని దాటేటప్పుడు ఎదురు లైన్‌లో గడిపే ప్రతి క్షణమూ ప్రమాదమే. ముందే మూడో గేరు వేసుకున్నవారు ఆ సమయాన్ని తగ్గించుకుంటారు. కాంకేర్ దాటాక వచ్చే కేశ్‌కాల్ ఘాట్ దిగేటప్పుడు కింది గేరే బ్రేకులు వేడెక్కకుండా కాపాడుతుంది.

ఇక వేగం సంగతి. కేంద్రం 2018లో ప్రకటించిన పరిమితుల ప్రకారం పట్టణ రోడ్లపై కార్లకు గరిష్ఠ వేగం 70 కి.మీ. స్థానికంగా ఇంకా తగ్గించవచ్చు కూడా. 70తో పోలిస్తే 100 కి.మీ. వేగంలో బ్రేకు వేశాక కారు ఆగేందుకు రెట్టింపు దూరం కావాలి. రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా అడ్డొచ్చే ఆవుకు ఆ లెక్క తెలియదు. అయినా చిన్న పెట్రోలు కారు రెండో గేర్‌లోనే 6,000 ఆర్‌పీఎంకు సుమారు 80 కి.మీ. అందుకుంటుంది. అంటే ఇంజన్ పూర్తి సత్తా చవిచూడటానికి మొదటి రెండు గేర్లు చాలు.