కెమెరా పట్టిన వేటగాడు

"వేటపక్షి" అన్న మాటలోనే మనిషి దృష్టి దాగి ఉంది. కౌజు, పూరేడు, నీటిబాతు మొదలైన వాటిని ఒకనాడు పెద్దలు రుచిని బట్టి ఎంచారు; నేడు యువకులు చిత్రాన్ని బట్టి ఎంచుతున్నారు. తుపాకి స్థానంలో కెమెరా రావడం నిస్సందేహంగా హర్షణీయమే. కాని సాధనం మారినంత మాత్రాన మనస్సు కూడా మారిందా అన్నది విచారించవలసిన విషయం.

బాల్యంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టి, దాని గొంతుమీది పసుపు మచ్చకు విస్మయం చెంది, అదేమి పక్షియో తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళిన బాలుడు సలీం అలీ. ఆయనే తరువాత 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేశారు. ఆ రోజులలో నమూనాల సేకరణకు శాస్త్రజ్ఞునికి సైతం తుపాకి తప్పలేదు. పక్షి ప్రాణం తీయకుండా దాని రూపాన్ని భద్రపరచుకొనే భాగ్యం మన తరానికి దక్కింది. ఆ భాగ్యాన్ని మనమెట్లా వినియోగిస్తున్నాం?

నా అనుభవమే చెబుతాను. ఒక వేసవి ఉదయం మిత్రునితో కలిసి కండ్లకోయ వైపు వెళ్ళాను. ఒక ప్రక్క నాగపూరు రహదారి హోరు, మరొక ప్రక్క అడవి. పొదల చాటున కౌజు కూసింది. ఆ కూత వింటే ఉర్దూలో దానికి "తీతర్" అన్న పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. గంటసేపు కూర్చున్నా పక్షి కనబడలేదు. మిత్రుడు విసుగెత్తి పొదలోకి రాయి విసిరాడు. రెక్కల చప్పుడుతో కౌజు లేచింది. నేను మీట నొక్కాను. తోకలోని ఎర్రమట్టి రంగు ఈకలు సైతం స్పష్టంగా పడ్డాయి. దగ్గరకు పోయి చూస్తే గడ్డిలో గూడు, అందులో ఆరు గ్రుడ్లు! వెంటనే వెనుదిరిగాము. తల్లి మళ్ళీ వచ్చిందో, కాకులే ముందు వచ్చాయో తెలియదు. చిత్రాన్ని అందరూ మెచ్చుకున్నారు. రాయి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

కౌజు స్వభావతః పరుగెత్తే పక్షి. ప్రమాదం మీదికి వచ్చినప్పుడే లేచి, తక్కువ ఎత్తున కొంతదూరం ఎగిరి మళ్ళీ పొదలో దూరుతుంది. కనుక దగ్గరినుండి తీసిన ఎగిరే కౌజు చిత్రం తరచుగా భయపడిన కౌజు చిత్రమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం "వేట" అన్న పదానికిచ్చిన నిర్వచనంలో పక్షుల గూళ్ళను, గ్రుడ్లను కదలించడం కూడా చేరి ఉంది. ఆ లెక్కన ఆ ఉదయం మేమిద్దరం ఏమి చేసినట్లు?

బెదరించకపోతే ఎగిరే చిత్రం దొరకదని కొందరంటారు. ఇది ఓపిక లేనివారి వాదం. రాత్రి చెట్టెక్కిన నెమలి తెల్లవారగానే తనంతట తానే రెక్కలు విప్పి దిగుతుంది. శీతకాలంలో చెరువుల మీది బాతులు మన ప్రేరణ లేకుండానే లేస్తాయి, వాలుతాయి. తెల్లవారకముందే చేరుకొని, చాటున కదలక కూర్చొని, సెకనులో రెండువేలవ వంతు వేగానికి షట్టరును అమర్చుకొని, పక్షి గమనంతోపాటు కెమెరాను త్రిప్పడం అభ్యసిస్తే చాలు. పదిసార్లు రిక్తహస్తాలతో రావలసి రావచ్చు. ఆ పది ఉదయాలలో మనం పక్షిని తెలుసుకుంటాము. అది చిత్రం కన్న తక్కువ లాభం కాదు.

మన కళాశాలలో ఛాయాచిత్ర పోటీలు జరిగినప్పుడు న్యాయనిర్ణేతలు ప్రతి చిత్రానికీ ఒక ప్రశ్న వేయాలని నా సూచన: ఈ పక్షి ఎందుకు ఎగిరింది? తృప్తికరమైన సమాధానం లేని చిత్రం ఎంత అందమైనదైనా బహుమతికి తగదు. ఈ నియమం పెడితే మొదట తొలగించవలసినది నా చిత్రమే. అందుకు నేను సిద్ధంగా ఉన్నాను.