ముందు బండిని చూసి నడిచే కారు

మా నిజాంసాగర్ ఆనకట్ట మీద నిలబడితే లోకంలో తొందర అనేది ఉన్నట్టే తోచదు. అదేమిటో తెలియాలంటే కారులో హైదరాబాదు వెళ్ళాలి.

కారు మాకు షోకు కాదు లెండి. మా ఆవిడకు నడుము ఆపరేషనయింది. నెలకోసారి పట్నంలో డాక్టరుకు చూపించాలి. ఎల్లారెడ్డి మీదుగా కామారెడ్డి చేరి, 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే మేడ్చల్ దాకా బాధ లేదు. కొంపల్లి వచ్చిందా, పది గజాలు కదలడం, ఆగడం. పాత కారులో నేను బ్రేకు తొక్కినప్పుడల్లా ఆవిడ పళ్ళు బిగబట్టి, "ఏం ఫరవాలేదండీ" అనేది. ఆ మాట వినడం కంటే నాలుగు చీవాట్లు తినడం నయం.

"అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ ఉన్న కారు తీసుకోండి నాన్నా. అదే ఆగుతుంది, అదే కదులుతుంది" అన్నాడు మా అబ్బాయి.

మామూలు క్రూయిజ్ కంట్రోల్‌ను కనిపెట్టినవాడు రాల్ఫ్ టీటర్ అనే అమెరికా ఇంజనీరు. చిన్నతనంలోనే చూపు పోయినవాడు! తన లాయరు కబుర్లు చెబుతూ కారును ఒకసారి పెంచి, ఒకసారి తగ్గించి కుదిపేస్తూంటే విసిగి ఈ ఆలోచన చేశాడంటారు. 1958లో అది ఇంపీరియల్ కార్లలోకి వచ్చింది. కుదుపు సంగతి పక్కన కూర్చున్నవాడికే తెలుస్తుందన్న మాట! అయితే అది పెట్టిన వేగాన్ని పట్టుకుపోవడమే గాని, ముందేముందో ఎరగదు. ఇప్పటిది రాడారుతోనో, కెమేరాతోనో ముందు బండిని కనిపెట్టి, దూరం చూసుకుని తానే వేగం తగ్గించుకుంటుంది.

షోరూము కుర్రవాడు ఖాళీ రోడ్డు మీదికి తీసుకువెళ్ళి, "కాలు తీసేయండి సార్" అన్నాడు. కారు నీటి మీద పడవలా సాగింది. నేను అడ్వాన్సు ఇవ్వబోతూంటే మా ఆవిడ అడ్డుపడి, "ఇదే కొంపల్లి రద్దీలో చూపించు బాబూ" అంది.

అక్కడ గుట్టు బయటపడింది. వేగం 30 కిలోమీటర్లకు దిగేసరికి గంట కొట్టి యంత్రం చేతులెత్తేసింది. గభాలున బ్రేకు తొక్కాను. "ఏం ఫరవాలేదండీ" అంది ఆవిడ. కుర్రవాడు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

పేరొకటే గాని ఇందులో రకాలున్నాయి. కొన్ని పెద్ద వేగాలకే పనిచేస్తాయి. కొన్ని ముందు బండి వెనకాలే పూర్తిగా ఆగి, అది కొన్ని క్షణాల్లో కదిలితే తామూ కదులుతాయి. ఆలస్యమైతే మీట నొక్కాలి, లేదా యాక్సిలరేటరు తాకాలి. ఇలా ఆగి కదలడానికి ఆటోమేటిక్ గేర్లుండాలి.

రెండో రకం కారు మరోచోట చూశాం. ఆగింది, కదిలింది. అయితే అది వదిలిన ఖాళీలోకి ఒక స్కూటరు దూరింది. కారు కాస్త గట్టిగానే ఆగింది. అడ్డొచ్చిన గేదెను, ఆగి ఉన్న లారీని తప్పక గుర్తిస్తుందని నమ్మడానికి లేదు. ఆ హెచ్చరిక కారుతో ఇచ్చే పుస్తకంలోనే ఉంటుంది.

కనుక కొనేవారు మూడు సంగతులు అడగండి. ఎంత వేగం దగ్గర వదిలేస్తుంది? ఆగాక మళ్ళీ ఎలా కదులుతుంది? కుదుపెంత? మూడోదానికి జవాబు షోరూములో దొరకదు. ఇంట్లో నొప్పి ఉన్నవారిని కూర్చోబెట్టుకుని, రద్దీ వేళ నడిపి చూడండి.

మేడ మీద గది వచ్చే ఏటికి వాయిదా వేసి రెండో రకమే కొన్నాం. 1931లో పూర్తయిన మా ఆనకట్టకు ఎన్ని తలుపులున్నా, నీటిని కనిపెట్టుకుని ఉండే మనిషిని మాన్పించలేదు. కారులో ఆ మనిషిని నేనే.

మొన్న కొంపల్లిలో అరగంట ఇరుక్కున్నాం. ఆ మాట ఎంతకీ వినబడదే అని పక్కకు చూశాను. ఆవిడ హాయిగా నిద్రపోతోంది. నా కాలు మాత్రం బ్రేకు పక్కనే మేలుకుని ఉంది.