సలహా మండలిలో డొంకూరుకు చోటేది?

చెత్త నిర్వహణకు సలహా మండలి అనగానే పెదవి విరిచేవాళ్ళే ఎక్కువ. బండ్లు, యంత్రాలు, నిధులు ఉంటే చాలు, కూర్చుని మాట్లాడేవాళ్ళతో పనేమిటని వారి వాదన. ఆ వాదన తప్పు.

దేశంలో పట్టణ చెత్తకు తొలి నియమాలు పుట్టింది ఒక కమిటీ నుంచే. పట్టణాల చెత్త సమస్యపై 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టుకెక్కారు. 1998లో కోర్టు అసీం బర్మన్ అధ్యక్షతన కమిటీ వేసి, కేసు వేసిన పటేల్‌నూ అందులో కూర్చోబెట్టింది. 1999లో నివేదిక వచ్చింది, 2000లో నియమాలు వచ్చాయి.

ఇక బండ్ల సంగతి. 2021 అక్టోబర్ 2న మన రాష్ట్రంలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైంది. కొత్త బండ్లతోపాటు పట్టణాల్లో ఇంటింటికీ రుసుమూ వచ్చింది. జనం దాన్ని చెత్త పన్నన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రుసుము రద్దయింది. బండి కొనడం తేలికే, ఎవరెంత కట్టాలో జనాన్ని ఒప్పించడమే కష్టం. ఆ పని ఏ యంత్రమూ చేయదు.

ఇక యంత్రాల సంగతి. ఇచ్ఛాపురం మండలం డొంకూరు లాంటి మత్స్యకార గ్రామంలో పనికిరాని నైలాన్ వలనే చూడండి. బెండ్లు, సీసపు గుళ్ళు, తాడు, ఇసుక అన్నీ అందులో ముడిపడి ఉంటాయి. కోసి విడదీయకుండా ముక్కలు చేసే యంత్రంలో వేస్తే బ్లేడ్లకు చుట్టుకుంటుంది. 2022 జూలై 1 నుంచి నిషేధించిన ప్లాస్టిక్ జాబితాలో స్ట్రాలు, కప్పులు ఉన్నాయి, వల లేదు. ఉండకూడదు కూడా, అది కూడు పెట్టే పనిముట్టు. అదే ఏడాది వచ్చిన ఉత్పత్తిదారుల బాధ్యత మార్గదర్శకాలేమో ప్యాకింగ్ ప్లాస్టిక్‌తోనే ఆగాయి. మరి పాత వలను ఎక్కడ దించాలి? ఎవరు కొనాలి? రోజూ ఆ వలను బాగుచేసుకునే చేతులనే అడగాలి. పలాసలో జీడి తొక్క సంగతీ అంతే. దాన్నుంచి నూనె తీయొచ్చు, కాలిస్తే కళ్ళు మండే పొగ. ఆ పొగ మధ్య పనిచేసేవాళ్ళకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

మొక్కుబడి మండళ్ళు ఉన్న మాట నిజం. 2016 ఘన వ్యర్థాల నియమాలు ఆరునెలలకోసారైనా సమావేశమయ్యే రాష్ట్ర సలహా మండలిని పెట్టమన్నాయి. అధికారులకు, నిపుణులకు, పరిశ్రమకు చోటిచ్చాయి. చెత్త ఏరుకునేవారి తరఫున ఒక్క స్వచ్ఛంద సంస్థకు చోటు దక్కింది. మత్స్యకారుల పేరు ఆ నియమాల్లో ఎక్కడా రాలేదు. ఈ లోపానికి మందు మండలిని ఎత్తేయడం కాదు, కుర్చీలు మార్చడం.

రాష్ట్ర ప్రభుత్వం మండలిలో మత్స్యకారులకు, జీడి కార్మికులకు, ఊళ్ళలో చెత్త మోసే గ్రీన్ అంబాసిడర్లకు చోటివ్వాలి. ప్రతి సమావేశంలో ఏం తేలిందో తెలుగులో రాసి పంచాయతీ కార్యాలయాల్లో అంటించాలి.