తెలవకపోవడం ఎవరి సొత్తు?

తెలుగోళ్లందరికీ ముద్దొచ్చే పిల్లగాడు ఒకడున్నాడు. పేరు పార్వతీశం, ఊరు మొగల్తూరు. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం వచ్చిన 1924 నుంచీ నవ్విస్తనే ఉన్నాడు. ఇంట్ల చెప్పకుండ రైలెక్కి, ఓడెక్కి, ఆడోళ్ల టోపీ నెత్తిన పెట్టుకొని, బారిస్టరై తిరిగొస్తాడు. ఏమీ తెలవనోడు లోకం చూసి మనిషైన కథ. ప్రతి తెలుగువాడి కథ అంటారు. నా తకరారు ఆ ‘ప్రతి’ అన్న మాటతోనే.

నేను గూడ నవ్విన. ఎనిమిదో తరగతిల, అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీల కూసోని చదివిన. పక్కనే ఉస్మాన్‌గంజ్‌ల మా నాయిన హమాలి. ఆయనకు సద్దిగిన్న ఇచ్చి లైబ్రరీకి పోయెటోణ్ణి. అమ్మ ఆ గిన్నెతోపాటు పాఠం గూడ కట్టి పంపేది. దుకాణం గద్దె తాకకు. కుండల చెయ్యి పెట్టకు, దోసిలి పట్టు. పేరడిగితే చెప్పు, వాడ అడిగితే చెప్పకు. పన్నెండేండ్లకే నాకు లోకమంతా తెలుసు. తెలవక తప్పు చేసే సౌలతు మాకు లేకుండె. ఒకనాడు నా ఈడు పిల్లగాడే, ఇంకో హమాలి కొడుకు, దూప ఆగక కుండల గ్లాసు ముంచిండు. కుండ పగలగొట్టిండ్రు. దాని పైసలు తండ్రి కూలిల కోసిండ్రు. ఎవ్వరూ నవ్వలే.

పార్వతీశం తప్పు చేస్తే లోకం నవ్వుతది. మావోడు చేస్తే దండుగ వేస్తది. అమాయకత్వం గుణం కాదు, ఆస్తి. భూమి లెక్కనే అది గూడ కొన్ని కులాల పేరు మీద పట్టా అయి ఉన్నది.

ఇంకో పిల్లగాని ప్రయాణం చూడుండ్రి. 1901 ప్రాంతం. తొమ్మిదేండ్లోడు కొత్త బట్టలేసుకొని, తోటి పిల్లలతో రైలెక్కి తండ్రి దగ్గరికి బయలెల్లిండు. మసూర్ స్టేషన్‌ల మాస్టరు అడిగితే తెలవక కులం చెప్పిండు. బండ్లోళ్లు ఎక్కించుకోలే. రెండింతల కిరాయికి ఒకడు ఒప్పుకుండు గాని బండి పిల్లలే తోలుకోవాలె. చుక్క నీళ్లు దొరకక ఆ రాత్రి తిండి ముట్టలే. ఆ పిల్లగాడే భీమ్‌రావు అంబేద్కర్. ఆయనా ఓడెక్కిండు. కొలంబియాల చదివొచ్చిన ఆయనను 1917ల బరోడాల పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొని వెళ్లగొట్టిండ్రు. మళ్లీ లండన్ పోయి, బారిస్టరై 1923ల తిరిగొచ్చిండు, పార్వతీశం అచ్చుకు ఏడాది ముందే. ఈ అవమానాలు ఆయన చేత్తో రాసుకున్నవి. 1990 దాకా అవి పుస్తకంగ రాలే.

ఇద్దరూ బారిస్టర్లే. ఒకరి ప్రయాణం ఇంటింటి హాస్యమైంది, ఇంకొకరిది అరవై మందిల ఒకరికన్న తెలుసా?

అంత దూరం గూడ వద్దు. ఉస్మాన్‌గంజ్‌కు కూతవేటుల, ఇసామియా బజార్‌ల 1910ల భాగ్యరెడ్డివర్మ ఆది హిందూ పిల్లలకు బడి పెట్టిండు. ఆ బడిల పలక పట్టినోళ్లు ఎట్ల పెద్దోళ్లయిండ్రో చెప్పే నవలలు మన పాఠ్యపుస్తకాలల్ల ఎన్ని?

పార్వతీశాన్ని తగలెయ్యమంటలేను. ‘ప్రతి తెలుగువాడు’ అన్న బోర్డు మాత్రం దించుండ్రి. విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, అమ్మ సద్దిగిన్నతో కట్టి పంపిన పాఠాలు ఒక్కొక్కటి విప్పి రాయుండ్రి. బాల్యం లేకుండనే పెద్దోళ్లయిన తీరు గూడ తెలుగు కథే.