చివర వచ్చే బండి
ఏళ్ల తరబడి కలిసి బైకుల మీద దూరాలు తిరిగేవాళ్ల స్నేహాన్ని కబుర్ల ఖాతాలో వేయలేం. హెల్మెట్ పెట్టుకున్నాక రోజంతా మాటలెక్కడివి? ఆ స్నేహాన్ని కట్టి ఉంచేది అవసరం. మనాలీ-లేహ్ దారిలో టాండీ బంకు దగ్గర, తరవాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని బోర్డు ఉండేది. అలాంటి చోట పక్కవాడి క్యాన్‌లోని పెట్రోలూ, అతను సంచిలో పెట్టుకున్న స్పేర్ క్లచ్ కేబులూ అందరివీ అవుతాయి. ముందు దూసుకెళ్లేవాడి కన్నా, అందరికన్నా నెమ్మదైన బండి వెనకే ఓపిగ్గా చివర వచ్చేవాడికి గుంపులో విలువెక్కువ. డబ్బున్నవాళ్ల సరదాకి ఇంత బిల్డప్పా అనొచ్చు. ఖరీదైన బళ్లూ, ఫొటోల పిచ్చీ నిజమే. పంక్చరు వేసేటప్పుడు మాత్రం బండి ధర ఎవరికీ గుర్తుండదు. అవసరం తీరాక ఆ స్నేహం ఉంటుందా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. మోకాళ్లు సహకరించక బండి అమ్మేసినవాణ్ణి ఆదివారం టీకి పిలిచే గుంపుల్లో ఉంటుంది. అన్నిట్లోనూ ఉంటుందని నేననను.