‘ఫ్రీ’ కన్సల్టెన్సీకి డబ్బులు ఎవరిస్తున్నారు? విదేశీ చదువుకు సలహా తీసుకునే ముందు అడగాల్సిన ప్రశ్న

హైదరాబాద్ అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ఒకసారి తల పైకెత్తి చూడండి. ‘కౌన్సెలింగ్ ఫ్రీ, అప్లికేషన్ ఫ్రీ, వీసా గైడెన్స్ ఫ్రీ’ అనే బోర్డులే. ఏసీ ఆఫీసు, కౌన్సెలర్లు, పేపర్లలో ప్రకటనలు... మీ దగ్గర రూపాయి తీసుకోకుండా ఇదంతా ఎలా నడుస్తోంది?

చాలా సందర్భాల్లో ఆ డబ్బు యూనివర్సిటీ ఇస్తుంది. మీరు చేరి, ఫీజు కట్టాక కన్సల్టెన్సీకి కమీషన్ అందుతుంది. సాధారణంగా ఇది మొదటి ఏడాది ట్యూషన్ ఫీజులో 10 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. ఉదాహరణకు ఫీజు 20 లక్షలు, కమీషన్ 15 శాతం అనుకుంటే, మీ ఒక్కరి అడ్మిషన్ మీద 3 లక్షలు.

కమీషన్ తీసుకోవడం నేరం కాదు. కమీషన్ తీసుకుంటూనే మంచి సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ సంగతి మీకు చెప్పకుండా, ‘మీ ప్రొఫైల్‌కి ఇదే బెస్ట్’ అన్నప్పుడే అసలు చిక్కు.

జర్మనీనే తీసుకోండి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ వాటికి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో మాత్రం మనలాంటి విదేశీ విద్యార్థుల నుంచి వసూలు చేస్తారు. ఫీజే లేనిచోట కమీషన్ ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే జర్మనీ అని వెళ్తే, అక్కడి ప్రైవేటు కాలేజీల బ్రోషర్లు ముందు టేబుల్ మీదకు వచ్చే అవకాశం ఉంది. అలాంటప్పుడు ‘ప్రభుత్వ యూనివర్సిటీల జాబితా కూడా చూపించండి’ అని అడిగి చూడండి. వాళ్ల జవాబులోనే చాలా తెలిసిపోతుంది.

అమెరికా చట్టంలో ఒక విచిత్రం ఉంది. ప్రభుత్వ విద్యార్థి సాయం అందుకునే కాలేజీలు, సొంత దేశపు విద్యార్థులను చేర్పించినందుకు తలకింత అని కమీషన్ ఇవ్వకూడదు. 1992లో ఈ నిషేధం తెచ్చారు. విదేశాల్లో ఉండే విద్యార్థుల విషయంలో మాత్రం మినహాయింపు ఇచ్చారు. అంటే తమ పిల్లలకు ప్రమాదమని ఆపిన పద్ధతే మన పిల్లల దగ్గరకు వచ్చేసరికి చెల్లుతుంది. ఆస్ట్రేలియా కొంత నయం. అక్కడి విద్యాసంస్థలు తమ ఏజెంట్ల జాబితాను వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆస్ట్రేలియా వెళ్లాలనుకుంటే మీ కన్సల్టెన్సీ పేరు అందులో ఉందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

అలాగని జాబితాలో పేరుంటే చాలు అనుకోవద్దు. ఫార్మింగ్టన్ కేసు గుర్తుందా? మిషిగన్‌లోని ఆ యూనివర్సిటీని అమెరికా అధికారులే నిఘా కోసం సృష్టించారు. అధికారిక జాబితాలో దాని పేరు ఉంది, క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. 2019 జనవరిలో వ్యవహారం బయటపడింది. చేరిన వాళ్లలో తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మనిషికి ఇంత అని డబ్బు తీసుకుని వాళ్లను చేర్పించారంటూ కేసు పెట్టిన ఎనిమిది మందీ తెలుగువారే. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ వర్సిటీ మూతపడినప్పుడు కొందరు మన విద్యార్థుల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించిన ఫొటోలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. క్లాసులు ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెబుతారు? చేరే ముందు ఇది అక్కడ చదువుతున్న వాళ్లనే అడగండి. కన్సల్టెన్సీ ఇచ్చిన నంబరుకు కాకుండా, మీరు వెతికి పట్టుకున్న సీనియర్‌కు ఫోన్ చేయండి.

సంతకం మీదే, శిక్షా మీకే

‘ఎస్‌ఓపీ మేమే రాసేస్తాం, ఫండ్స్ మేం చూపిస్తాం’ అనే మాట వినిపిస్తే లేచి వచ్చేయండి. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160లో, నింపడానికి ఎవరైనా సాయం చేశారా అనే ప్రశ్న ఉంటుంది. ఎవరు నింపినా, ఎలక్ట్రానిక్ సంతకం మాత్రం మీరే చేయాలి. వీసా కోసం కీలకమైన అబద్ధం చెప్పినట్టు తేలితే ఆ దేశంలోకి జీవితాంతం అనుమతి లేకుండా పోవచ్చు. అప్పుడు కన్సల్టెన్సీకి పోయేది ఒక కస్టమర్ మాత్రమే.

మంచి సలహాదారు ఎస్‌ఓపీ చదివి, ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పి, తిరగరాయమంటారు. మీ మార్కులకు రాని సీటును రాదనే చెబుతారు. ‘వీసా గ్యారంటీ’ అనరు. వీసా ఇచ్చేది కాన్సులేట్ కాబట్టి ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. ‘ఈ లిస్టులో మీకు కమీషన్ ఇచ్చేవి ఏవి?’ అని అడిగితే కోపం తెచ్చుకోరు. ఆ జవాబును మెయిల్‌లో పంపమనండి. వాట్సాప్‌లో అయినా సరే, రాతపూర్వకంగా ఉంటే చాలు.

కమీషన్ గొడవ లేని సమాచారం కూడా దొరుకుతుంది. అమెరికా విదేశాంగ శాఖకు ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ పేరుతో సలహా కేంద్రాలున్నాయి. యూనివర్సిటీల నుంచి కమీషన్ తీసుకునే ఏజెంట్లతో ఇవి కలిసి పనిచేయకూడదన్న నిబంధన గతంలో ఉండేది. జర్మనీకైతే డాడ్ వెబ్‌సైట్‌లో కోర్సులు, ఫీజులు వెతుక్కోవచ్చు. రెండు మూడు సాయంత్రాలు కూర్చుంటే సగం పని అయిపోతుంది.

ఇప్పటికే డబ్బు కట్టి ఇరుక్కుంటే? రసీదు, చాట్లు, ప్రకటన కాపీ దాచుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలొద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు చెల్లించింది 50 లక్షల లోపైతే కేసు అక్కడే వేయాలి. లాయర్ తప్పనిసరి కాదు, మీ కేసు మీరే వాదించుకోవచ్చు.