అన్నీ అలర్జీలేనా?

మొన్న సాయంత్రం రక్తపోటు మాత్రల కోసం మా వీధి మలుపులో ఉన్న మందుల దుకాణానికి వెళ్ళాను. నాకంటె ముందు ముగ్గురున్నారు. ఒక కుర్రవాడు మెడ చూపించి "అలర్జీ వచ్చిందండీ" అన్నాడు. అవి చెమటకాయలని చూడగానే తెలుస్తున్నది. వెనుకనే ఉన్న ఇల్లాలు మోచేతి మీద, అంచు ఉబ్బి నడుమ చదునుగా ఉన్న గుండ్రని మచ్చ చూపించి అదే మాట అన్నది. అది తామర. మూడవ ఆయన చంకనున్న బిడ్డ పొట్ట మీది దద్దుర్లు చూపించి తానూ అదే మాట అన్నాడు. ముగ్గురికీ ఒకే గొట్టం మందు చేతికి వచ్చింది. అమ్మినవాడిని మాత్రమే తప్పుపట్టి ఏం లాభం? మూడు జబ్బులకు ముగ్గురూ ఒకే పేరు చెప్పారు.

నేను వైద్యుణ్ణి కాను. పిల్లలకు తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి. కనుక నాకు తెలిసిన దారినే, అంటే మాటల దారినే ఈ విషయంలోకి వస్తాను.

చర్మం మీద లేచే చిన్న చిన్న ఉబ్బులకు మన భాషలో ఎన్ని పేర్లున్నవో ఒకసారి లెక్కపెట్టండి. మొటిమ, పులిపిరి, చెమటకాయ, దద్దురు, పొక్కు, బొబ్బ, కురుపు, సెగగడ్డ, ఆనెకాయ, గజ్జి, చిడుము. చలికో భయానికో ఆనందానికో లేచి క్షణంలో అణగిపోయే పులకలు వేరే ఉన్నవి. ఇవి ఒకే వస్తువుకు పర్యాయపదాలు కావు. నీరు నిండితే పొక్కు. చెయ్యి కాలినప్పుడు లేచే పెద్ద నీటితిత్తి బొబ్బ. చీము పట్టి సలిపితే కురుపు. లోతుగా, వేడిగా, గట్టిగా ఉంటే సెగగడ్డ. ఒకచోట లేచి, కొన్ని గంటలకు అక్కడ మాయమై మరొకచోట తేలితే దద్దురు. వైద్యవిద్యార్థికి చర్మవ్యాధుల పాఠంలో మొదట నేర్పేది కూడ ఇదేనట: ఉబ్బులో నీరున్నదా, చీమున్నదా, గట్టిగా ఉన్నదా, ఎంత పరిమాణం, ఎంతసేపు నిలుస్తుంది అని. మన అవ్వలు ఆ పాఠం చదవకుండానే ఆ విభాగం చేసి పెట్టారు.

నామవాచకాలే కాదు, క్రియలు కూడ చూడండి. చెమటకాయలు పేలుతాయి. దద్దుర్లు తేలుతాయి. బొబ్బ లేస్తుంది. పులిపిరి మొలుస్తుంది. గజ్జి పడుతుంది. అమ్మవారు పోస్తుంది. ఒక్కొక్క క్రియ ఒక్కొక్క నడకను పట్టి ఇస్తున్నది. "అలర్జీ" మాత్రం అన్నింటికీ ఒకే తీరున "వస్తుంది". ఆ మాట ఎక్కడైనా కొంత చెల్లుతుందంటే దద్దుర్ల దగ్గరే. చెమటకాయలు చెమటనాళాలు మూసుకుపోవడం వలన, తామర ఒక జాతి బూజు వలన, సెగగడ్డ సూక్ష్మక్రిమి వలన, పులిపిరి వైరస్ వలన వస్తాయి. సెగగడ్డ లేస్తే మామిడిపండు తిన్నందుకేనని తిట్టడం మన పిన్నల పెద్దల అలవాటు. పాపం, ఆ పండుకు సంబంధం లేదు.

సంస్కృతంలోనూ ఇంతే. సుశ్రుతుడు నిదానస్థానంలో క్షుద్రరోగాలని ఒక అధ్యాయమే పెట్టాడు. క్షుద్రమంటే నీచమని కాదు, చిన్నవని. పడుచువారి ముఖం మీది మొటిమలను ఆయన బూరుగుచెట్టు ముళ్ళతో పోల్చాడు. ఏ బూరుగుమాను బోదెనైనా చూసినవారు ఆ పోలికకు తల ఊపక మానరు. మినపగింజలా నల్లగా, నొప్పి లేకుండా పైకి ఉబికి ఉన్నది మషకం. నువ్వుగింజంత ఉండి చర్మంతో సమంగా ఉన్నది తిలకాలకం. మసూరపప్పు పోలికతో వచ్చినది మసూరిక. మన మశూచికి మూలం అదే. వంటింటి గింజలే కొలబద్దలన్నమాట. మొటిమలకు యౌవనపిడకలని మరో పేరు కూడ ఉన్నది. తరగతిలో ఆ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు గోడకు కొట్టిన పేడపిడకలను తలచుకొని నవ్వేవారు. నవ్వినా గుర్తుపెట్టుకొనేవారు.

పేరు సరిగా పెట్టడం వలన ప్రాణాలే నిలిచిన సందర్భం మన కళ్ళ ముందరి చరిత్రలోనే ఉన్నది. మశూచిని పెద్దమ్మవారని, ఆటలమ్మను చిన్నమ్మవారని మన ఊళ్ళలో వేరుచేసి చెప్పేవారు. మొదటిదాని పొక్కులు ముఖాన, కాళ్ళూ చేతుల మీద ఎక్కువగా, ఒకచోటివన్నీ ఒకే దశలో ఉంటాయి. రెండవదానివి నడుము పైభాగాన, పొట్టమీద ఎక్కువ. ఒకటి మాడుతుంటే పక్కన మరొకటి కొత్తగా లేస్తుంది. మశూచి నిర్మూలన ఉద్యమంలో పనివారు పొక్కులున్న బిడ్డ బొమ్మ అచ్చువేసిన అట్టలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి "ఇటువంటిది ఎక్కడైనా చూశారా?" అని అడిగారు. చూసి చెప్పినవారికి బహుమానం ఇచ్చారు. మన దేశంలో మశూచి 1975తో ఆగింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భూమి మీదనే లేదని ప్రకటించింది. టీకా ఎంత గొప్పదైనా, ఆ పొక్కును పోల్చి పేరు చెప్పిన సామాన్యుడు లేకుంటే టీకా వేయవలసిన ఇల్లు ఏదో తెలిసేది కాదు.

మరి ఇప్పుడు ఇంత చక్కని పేర్లు ఎందుకు విడిచిపెట్టాం? ఇంగ్లీషు మోజు ఒక కారణమే గాని, అసలు కారణం సిగ్గు అని నా అభిప్రాయం. ఈ మాట నేను ఊరికే అనడం లేదు.

పాతికేళ్ళ క్రిందట ఎనిమిదవ తరగతిలో నా విద్యార్థి ఒకడు వ్రేళ్ళ సందులు ఎడతెగక గోక్కొనేవాడు. ఇంటి నుంచి తెచ్చిన చీటీలో "అలర్జీ" అని ఉన్నది. నేను చూసి, అందరి ముందూ, "అలర్జీ ఏమిట్రా, అది గజ్జి. వెళ్ళి చివరి బల్లమీద ఒక్కడివే కూర్చో" అన్నాను. తరగతి గొల్లుమన్నది. మరునాటి నుంచి వాడు రాలేదు. మూడు వారాల తరువాత వాళ్ళ నాన్న వచ్చాడు. "గజ్జని మాకూ తెలుసు పంతులుగారూ. ఆ మాటంటే బళ్ళో వెక్కిరిస్తారని మా ఆడది అట్లా రాయించింది" అన్నాడు. అలర్జీ అని చెప్పి తెచ్చిన గొట్టం మందు రాసినకొద్దీ ఎరుపు తగ్గినట్లు కనిపించిందట, దురద ఇంట్లో నలుగురికీ పాకిందట. నేనే వారిని ప్రభుత్వ ఆరోగ్యకేంద్రానికి తీసుకువెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ రెండే ప్రశ్నలడిగింది: రాత్రిపూట దురద ఎక్కువా? ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నదా? ఇంటిల్లిపాదికీ ఒకే రోజు మెడ నుంచి పాదాల దాకా మందు పూయించి, బట్టలన్నీ వేడినీళ్ళలో ఉతికించి, వారం తరువాత మరల పూయించింది. నెల తిరగకుండా నయమైంది.

వాడు బడికి వచ్చాడు. కాని నేను పిలిచినా ముందు బల్లకు రాలేదు. అంతవరకు పద్యం అడిగితే అందరికంటె ముందు చెయ్యెత్తేవాడు; పదవ తరగతి పూర్తయ్యేదాకా మళ్ళీ ఎత్తలేదు.

నేను చెప్పిన పేరు సరైనదే. చెప్పిన తీరు మహాపాపం. గజ్జి ఒక కంటికానని పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టడం వలన వస్తుంది. దగ్గరగా మసలితే ధనవంతుడికీ అంటుతుంది, శుభ్రంగా ఉన్నవాడికీ అంటుతుంది. దానిని మనం తిట్టుగా మార్చాం కనుక ఆ తల్లి మాటను దాచింది. మాట దాగింది కనుక జబ్బు పాకింది. ఆ గొట్టంలో ఉండేది సాధారణంగా స్టెరాయిడ్ కలిసిన లేపనం. అది దురదను, ఎరుపును అణచి, జబ్బును పోల్చరాకుండా చేసి లోలోపల పెరగనిస్తుంది. తామరకు రాస్తే అంచులు చెరిగి ఒళ్ళంతా వ్యాపిస్తుంది. ముఖాన నెలల తరబడి రాస్తే చర్మం పలుచనై మొటిమలే పేలతాయి. 2018లో కేంద్రప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ లేపనాలను చీటీ లేనిదే అమ్మరాదన్నది. చట్టం ఎక్కడి చట్టం అక్కడే ఉన్నదని మొన్నటి దుకాణంలో చూశాను.

మన పాత మాటలన్నీ పరిపూర్ణమని నేననను. పులిపిరి అన్న ఒక్క పేరుతో వైరస్ వలన వచ్చి అంటుకొనేదానినీ, మెడమీద మెత్తగా వ్రేలాడే నిరపాయమైన తోలుముక్కనూ కలిపివేశాం. రెంటికీ గుర్రపుతోక వెంట్రుక కట్టడం, సున్నం పెట్టి కాల్చుకోవడం మాత్రం మానలేదు. పేరు తెలిసినంత మాత్రాన వైద్యం తెలిసినట్లూ కాదు. మచ్చ పెరుగుతున్నా, రంగు మారుతున్నా, నెత్తురు చిమ్ముతున్నా వైద్యుడికి చూపించవలసిందే. దద్దుర్లతో పాటు పెదవులు వాచి ఊపిరి ఆడకపోతే క్షణం ఆగరాదు. కాని వైద్యుడి దగ్గరకు వెళ్ళి చెప్పవలసినది మనమే కదా. "ఏదో అలర్జీ" అనడానికీ, "రాత్రి దురద, వ్రేళ్ళ సందుల్లో చిన్న పొక్కులు, ఇంట్లో మరో ఇద్దరికి" అనడానికీ ఎంత దూరమున్నదో ఆలోచించండి.

పిల్లలకు ఈ పేర్లు నేర్పుదాం. నేర్పేటప్పుడు ఎవరినీ వేలెత్తి చూపకుండా నేర్పుదాం. మీ మీ సీమలలో ఈ ఉబ్బులకు, పొక్కులకు నేను వ్రాయని పేర్లు తప్పక ఉంటాయి. తెలిసినవారు దయచేసి వ్యాఖ్యలలో చేర్చగలరు. ఏ ఊరి మాటో కూడ చెబితే మరీ మేలు.